తల చివర్లో రావాలట!

విశాఖలో పిల్లలకి కయాక్ రోల్ నేర్పే తీరు చూస్తే, చదువు మీద గౌరవమున్న ఏ తల్లిదండ్రులకైనా గుండె తరుక్కుపోతుంది. కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ బోల్తా పడితే, అందులోంచి దిగకుండానే, తెడ్డు ఊతంతో, నడుము విసురుతో మళ్లీ నిటారుగా లేవడమే రోల్. ఇంత పెద్ద సబ్జెక్టుకి మెటీరియల్ లేదు, వీక్లీ టెస్ట్ లేదు, ర్యాంకుల్లేవు. ముక్కుకి క్లిప్పు పెట్టి తిన్నగా స్విమ్మింగ్ పూల్లోకి దింపేస్తారు.

మొదటి పాఠం ఏంటో తెలుసా? పారిపోవడం! తలకిందులయ్యాక, పడవలోకి నీళ్లు రాకుండా నడుముకీ పడవ నోటికీ కలిపి బిగించిన స్కర్ట్‌ని ముందున్న పట్టీ పట్టుకుని లాగేసి, పడవలోంచి జారి బయటపడాలి. ఆ పట్టీ లోపల ఇరుక్కోకుండా బయటే ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలట. బీచ్ రోడ్డులో హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకుని తిరిగే మనకి ఈ జాగ్రత్తలా?

తర్వాత నడుము సంగతి. పూల్ గట్టు పట్టుకుని, పడవని పక్కకి వాల్చి, మోకాలితో, నడుముతో దాన్ని నిలబెట్టాలి. చేతుల బలం వాడితే కోచ్ ఒప్పుకోడు. ఇదైనా సహించవచ్చు. అసలు అన్యాయం ఏంటంటే, తల చివర్లో రావాలట! పడవ తిరిగేదాకా చెవి భుజానికి ఆనించే ఉంచాలట. ఊపిరి కోసం తల ముందే ఎత్తారో, ఆ బరువుకి పడవ మళ్లీ బోల్తా. ఎల్‌కేజీ నుంచీ తలకాయతోనే అన్నీ గెలవాలని పెంచిన పిల్లాణ్ణి పట్టుకుని "బాబూ, నడుము ముందు, తల తర్వాత" అంటే వాడి భవిష్యత్తేం కావాలి?

ఈ విద్య గ్రీన్‌లాండ్‌లో సీల్ వేటగాళ్లది. ఆ గడ్డకట్టే నీళ్లలో పడవ వదిలితే ప్రాణాలు దక్కవు మరి. ఆస్ట్రియాకి చెందిన ఎడి హాన్స్ పావ్లాటా 1927లో దీన్ని పుస్తకాలు చదివే నేర్చుకున్నాడు. చూశారా, చదివి! చదివాక నీళ్లలోకి కూడా దిగాడు కానీ, ఆ భాగం సిలబస్‌లోంచి తీసేయొచ్చు.

అందుకే నా ప్రతిపాదన: ఆరు నెలలు ఏసీ గదిలో రోల్ ఫౌండేషన్ కోర్సు, ఆదివారం గ్రాండ్ టెస్టు. ఎడ్యుకేషనల్ టూర్‌కి బీచ్ రోడ్డులోని కురుసుర మ్యూజియం చాలు. జలాంతర్గామి అయ్యుండి కూడా 2002 నుంచి ఒడ్డునే ఉంటూ ఒక్కసారీ మునగని ఆ క్రమశిక్షణ పిల్లలు కళ్లారా చూడాలి. ఫ్యాకల్టీకి కొదవే లేదు. రుషికొండ ఒడ్డున మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని "ఏటిరా అలా తిప్పుతావ్, చెయ్యి ఇలా తిప్పాల!" అని అరిచే బాబాయిలు బోలెడుమంది. పొట్లం చేతిలోంచి జారనివ్వకుండా తెడ్డు పట్టు చూపించగలరు.

ఇక ఫ్లెక్సీ. రోల్ చేసేటప్పుడు మొహం నీళ్లలో ఉంటుంది కాబట్టి ఏ ర్యాంకర్ ఎవరో పోల్చుకోలేం. ఇసుక మీద పడవ పెట్టి, అందులో కూర్చోబెట్టే ఫొటోలు తీయాలి. జుట్టు తడవకూడదు.