బంద పూడిస్తే డెంగీ పోతుందట!

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట మా వీధి సంఘం గ్రూపులో పడింది. తర్వాత ఎదురింటి వదినగారు పంపారు, ఆ తర్వాత పాల ప్యాకెట్లబ్బాయి, ఇంకా ఎవరెవరో. ఏడోసారి హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు కొడుకు పంపాడు. "అత్తా, ఇది మీ బరంపురం గురించేనా? జాగ్రత్త!" అని కింద రాశాడు కూడా. మా గురించే నాయనా. మా వీధి చివర, మా గుమ్మానికి నూరడుగుల్లో ఉన్న బంద గురించే.

"బంద అంటే ఏంటత్తా?" అని మళ్లీ అడిగాడు. చిన్న చెరువురా. శ్రీకాకుళం వైపు మనవాళ్లు బంద అంటారు, ఇక్కడ ఒడియావాళ్లు బంధ అంటారు. తేడా ఒక్క ఒత్తు, నీళ్లు ఒకటే.

చూడని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే, ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ. డెంగీ దోమలన్నీ బందలోనే పుడుతున్నాయి, పూడిస్తే డెంగీ పోతుంది. ఎండాకాలంలో ఎలాగూ ఎండిపోయే చచ్చిన చెరువు అది. ఎవరి పేరా లేదు కాబట్టి సంఘం తీర్మానం చేస్తే చాలు. పూడ్చిన చోట కల్యాణ మండపం, పార్కింగు కట్టుకోవచ్చు, మా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకి వేదిక వేసుకోవచ్చు. నైరుతిలో నీళ్లుంటే వీధికి అరిష్టం. పిల్లలు పడిపోతారు. బంద శుభ్రం చేయాలని సంతకాలు పోగుచేస్తున్న మా సంఘం చందాలూ పులిహోరా తప్ప ఎరిగిందేమీ లేదు. చివర్న మామూలే: పది గ్రూపులకు పంపండి, మీ పిల్లల్ని కాపాడుకోండి.

నైరుతి సంగతి ముందే తేల్చేద్దాం. బంద మా ఇంటికి నైరుతి అయితే అవతలి గట్టువాళ్లకి ఈశాన్యం. వాళ్లకి శుభం, మాకు అరిష్టమా? ఆ లెక్కన ఇళ్లు మార్చుకుంటే సరిపోతుంది, మట్టి లారీలెందుకు?

యాత్ర వేదిక మాట చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బుఢీ ఠాకురాణమ్మ రెండేళ్లకోసారి చైత్రంలో గుడి వదిలి నేతగాళ్లుండే దేశీ బెహెరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. తాటాకు పందిరో, తాత్కాలికపు గుడో వేస్తారు. రాత్రిళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వీధులన్నీ తిరుగుతారు. ఆవిడ సిమెంటు హాలు అడిగిందని ఏ నేతగాడి ఇంట్లోనూ వినలేదు. ఘటం అంటేనే నీళ్ల కుండ కదండీ. నీళ్లు పూడ్చి నీళ్లకుండకి మండపం కడతారట!

ఇక డెంగీ. నాకు కోపం తెప్పించింది ఇదే. మిగతావి చదివి పక్కన పడేయొచ్చు, ఇది నమ్మితే మాత్రం మన పిల్లలు ఆసుపత్రి మంచం ఎక్కుతారు.

డెంగీని మోసే ఏడిస్ దోమకి బంద అక్కర్లేదు. ఒంటిమీదా కాళ్లమీదా తెల్లచారలుండి, పట్టపగలే, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం చీకటి పడేముందూ కుట్టే దోమ అది. దానికి కావలసింది చిన్నచోట కదలకుండా నిలిచిన మంచినీళ్లు. కూలర్ అడుగున నిలిచినవి, ఫ్రిజ్ వెనక ట్రేలో ఉన్నవి, మేడమీద పడేసిన టైరులో చేరినవి, ముచ్చటపడి సీసాలో పెట్టుకున్న మనీప్లాంటు నీళ్లు, తులసికుండీ కింద పళ్లెంలోవి, కొబ్బరిచిప్పలో పడిన వానచుక్క, ఏవైనా సరే. అన్నిటికన్నా ముందు మన ఇళ్లలో వరసగా నిలబెట్టిన నీలం డ్రమ్ములు.

ఆ దోమ ఎక్కువ దూరం పోదు. ఎంత ఎగిరినా కొన్ని వందల మీటర్లు, చాలాసార్లు పుట్టిన ఇంటి చుట్టుపక్కలే. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో పొరుగింట్లోనో పుట్టి ఉంటుంది. చేపలూ, తూనీగ పిల్లలూ తిరిగే వెడల్పాటి బంద మధ్యలో దాని పిల్లలు బతికి బట్టకట్టడం కష్టం.

పైగా దాని గుడ్లు జగమొండివి. నీటి అంచుకి కాస్త పైన, డ్రమ్ము గోడకి అతుక్కుని ఉంటాయి. నీళ్లు పారబోసి బోర్లిస్తే పోవు. ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకే పారబోస్తే చాలదు, కొబ్బరిపీచుతో గోడలు తోమాలి. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తోమాలి. పొగమిషను వస్తే అందరం పిల్లల్లా బయటికొచ్చి చూస్తాం. ఆ పొగ ఆ గంటలో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది గానీ డ్రమ్ములో ఈదుతున్నవాటి జోలికి పోదు. మర్నాడు అవి ఎగురుతాయి.

ఇంతకీ మన ఇళ్లలో అన్ని డ్రమ్ములెందుకున్నాయి? సరదాకా? కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినా ఎంతసేపుంటుందో తెలీదు. వచ్చిన వేళ దొరికిన ప్రతి గిన్నే నింపుకుంటాం. నీటికరువే మన డెంగీకి పుట్టిల్లు. వీధిలో ఇంకా నీళ్లూరుతున్న బావులు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. బందకి ఆనుకున్న వరసలోనే. బంద పూడిస్తే ఆ బావులు అడుగంటుతాయి, ఇంటికి ఇంకో రెండు డ్రమ్ములు చేరతాయి. డెంగీ పోవడానికి బంద పూడ్చమంటున్న పెద్దమనిషి, డెంగీకి ఇంటింటా ఊయల కట్టమంటున్నాడన్నమాట.

ఆ మెసేజ్‌లోనే ఒక మూల "బందకి దూరంగా మేడమీద ఉండేవాళ్లకి భయం లేదు" అని కూడా ఉంది. రాసినవాడు దోమని ఎప్పుడైనా చూశాడా? మూడో అంతస్తులో వాటర్ ట్యాంకు మూత పగిలి ఉంటే అక్కడే పుడుతుంది, మెట్లెక్కే పని కూడా ఉండదు. ఈ మాట నమ్మి మేడమీదవాళ్లు జ్వరం వచ్చినా "మనకి డెంగీ ఎందుకొస్తుందిలే" అనుకుని, ఒళ్లునొప్పులకి దుకాణంలో దొరికిన ఆస్పిరినో బ్రూఫెనో మింగితే? డెంగీలో అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి, పరీక్ష చేయించుకోవాలి. బొప్పాయాకు రసం గురించి నన్నడక్కండి, దాని మెసేజ్ వేరే ఉంది, దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం.

చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పేస్తాను. పోయిన వర్షాకాలం వార్డులో ఇల్లిల్లూ చూస్తూ ఒక అమ్మాయి టార్చి పట్టుకుని మా ఇంటికొచ్చింది. "మా ఇంట్లో ఏముంటాయమ్మా, నేను సంఘం కోశాధికారిని" అన్నాను. పెరట్లో సిమెంటు తొట్టిలోకి టార్చి కొట్టి, "ఏ సబు మొసా, మావుసీ" అంది. ఇవన్నీ దోమలే పిన్నీ, అని. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికీ పైకీ పోతున్నాయి. వాటిని అంతకుముందు నేనూ చూశాను, నీటిపురుగులే కదా అనుకున్నాను. కాబట్టి ఈ విషయంలో నేను గురువుని కాదు, దొరికిపోయిన దొంగని.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. బందలో దోమలే లేవని నేననను. మన ఇళ్ల మురుగుకాలవ కలిసేచోట, గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న ఆ మూల, రాత్రిపూట కుట్టే క్యూలెక్స్ దోమలు కుప్పలుగా పుడతాయి. బోదకాలు తెచ్చేవి అవే. గంజాం జిల్లాకి బోదకాలు కొత్త కాదు, దానికని పంచిన మాత్రలు మీ ఇంట్లోనూ ఏ డబ్బాలోనో మింగకుండా ఉండే ఉంటాయి. కానీ ఆ దోమకి కావలసింది మన మురుగు, బంద కాదు. బంద పూడిస్తే మురుగు ఆగుతుందా? ఇవాళ బందలోకి పోతున్నది రేపు వీధిలో నిలుస్తుంది, దోమలు మరింత దగ్గర్లో పుడతాయి. మురుగుకాలవ మళ్లించమనీ, గుర్రపుడెక్క తీయించమనీ అడుగుతూనే కదా మేం సంతకాలు పోగుచేస్తున్నది!

"చచ్చిన చెరువు" అన్నారు. వేసవిలో అడుగంటడం చిన్న చెరువులన్నిటికీ ఉన్నదే, బీటలు పడిన నేల తొలకరి నీళ్లు తాగుతుంది. మనకి ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఎక్కువభాగం నాలుగైదు నెలల్లోనే. ఎకరం బంద మీటరు లోతు నిండితే 40 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 800. ఆ నీటికి చోటు లేకుండా చేస్తే అది అలిగి గోపాల్‌పూర్ సముద్రానికి నడిచిపోదు, పల్లంలో ఉన్న మన వరండాల్లోకి వస్తుంది. చెన్నైలో 2015లో ఇళ్లు మునిగాయి, అదే ఊరికి 2019లో జోలార్‌పేట నుంచి రైళ్లలో తాగునీళ్లు తెచ్చారు. చెరువులూ చిత్తడినేలలూ కట్టడాల కింద పోగొట్టుకున్న ఊరు అది.

ఫైలిన్ తుపానుని మరిచిపోయారా? 2013 అక్టోబరు 12 రాత్రి, గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. తెల్లారేసరికి వీధంతా పడిపోయిన చెట్లూ కరెంటు స్తంభాలూ. కరెంటు లేక మోటారు తిరగలేదు, కుళాయి రాలేదు. ఇళ్లు కడుక్కోవడానికీ, గిన్నెలు తోముకోవడానికీ, పాయిఖానాలోకీ బిందెలు పట్టుకుని అందరం ఎక్కడికి పోయాం? ఈ మెసేజ్ నాకు పంపిన ఎదురింటి వదినగారు నాకన్నా ముందు వరసలో ఉన్నారు. ఆ రోజు బంద చచ్చినట్టు ఎవరికీ కనబడలేదు.

"ఎవరి పేరా లేదు" అన్నమాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. ఎవరి పేరా లేదంటే అందరిదీ అని అర్థం, మనది కాబట్టి పంచుకోవచ్చని కాదు. ఒడిశా భూముల రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా తీసి కిసమ్, అంటే నేల రకం, గడి చూడండి, జలాశయ అని ఉంటే దాన్ని మార్చడం మన సంఘం తీర్మానంతో అయ్యే పని కాదు. చెరువులూ కుంటలూ ప్రజల ఉమ్మడి ఆస్తి, కాపాడాలి అని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెరువు పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లని ఖాళీ చేయించమంది, ఇలాంటి ఉమ్మడి నేలల్లో ఆక్రమణలు తొలగించడానికి పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్మానం మీద సంతకం పెట్టాలని చేతులు దురదపెడుతున్నవాళ్లు ఆ రెండూ ఒకసారి చదువుకుని పెట్టండి. కోశాధికారిగా నేను మాత్రం పెట్టను. కల్యాణ మండపం కట్టాక అది మునిగితే చందా ఎవరిస్తారు? నా దగ్గరికే వస్తారు.

పిల్లలు పడిపోతారన్న మాట నిజం. ఉత్తరపు గట్టు జారిపోయింది, అక్కడ కంచె లేదు, వానాకాలంలో నాకూ భయమే. ఇది ఆ మెసేజ్ వచ్చేదాకా మా అర్జీలో లేదు. చేర్చాం. రాసినాయన ఎవరో గానీ, అందుకు థాంక్స్.

చందాలూ పులిహోరా అన్న దెప్పుకి కూడా ఉడుక్కుందామనుకున్నాను, కుదరలేదు. ఉగాదికి పచ్చడి, శ్రీరామనవమికి పానకం, చవితికి పందిరి. లెక్కలు నా దగ్గరే ఉన్నాయి, పోయినేడు బంద మీద మనం ఖర్చుపెట్టింది సున్నా. బందకి మనం ఇచ్చింది మాత్రం ఉంది: ప్లాస్టర్ వినాయకుడు. అలాంటి విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించి మరీ చెప్పింది. మేం వినలేదు, పెద్ద విగ్రహం కావాలన్నారు కుర్రాళ్లు, సరే అన్నది నేనే. ఆ విగ్రహం చెక్కపీట ఇప్పటికీ గుర్రపుడెక్కలో ఇరుక్కుని తేలుతోంది. ఈసారి మట్టి విగ్రహం, అడుగున్నర. పత్రి, పూలు బందలో వెయ్యం, గోతిలో పూడుస్తాం.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి మా ఇంటి తొట్టితో మొదలుపెట్టి వీధంతా వస్తాం. కొబ్బరిపీచు మేమే తెస్తాం. ఫ్రిజ్‌ని కాస్త ముందుకి జరిపి ఉంచండి, వెనక ట్రే చూడాలి. అపార్ట్‌మెంటువాళ్లు మేడ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టండి. ఎదురింటి వదినగారూ, మీ పెరట్లో ఆ మూడు టైర్లు మర్చిపోకండి.