తొమ్మిదో పాయింటు చదివాక కూడా ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారా?

ఫ్యామిలీ గ్రూపులో, కాలనీ గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, ఎక్కడ చూసినా అదే మెసేజ్. "నెలలో 15 కిలోలు, జిమ్ అక్కర్లేదు, మందులు అక్కర్లేదు" అని పైన పెద్దక్షరాలు, కింద తొమ్మిది పాయింట్లు. పరగడుపున నిమ్మరసం, తేనె. మొదటి వారం పళ్లు, కూరగాయల సూపు తప్ప ఇంకేం వద్దు. ఆ తర్వాత అన్నం మానేసి చపాతీ. రోజుకు 4 లీటర్ల నీళ్లు. పొట్టకు బెల్టు కట్టి చెమట పట్టించడం. రోజూ 100 సిటప్స్. సాయంత్రం 7 దాటాక ఏమీ తినకపోవడం. గంట నడక చాలు, ఆడవాళ్లు బరువులు ఎత్తకూడదు. చివరిగా, మొదటి రోజు నుంచే షుగర్, బీపీ మాత్రలు ఆపేయాలి.

ముందు ఆ 15 కిలోల సంగతి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. 15 కిలోలకు 1,15,500. ముప్పై రోజులకు పంచితే రోజుకు 3,850. కూర్చుని పనిచేసే 75 కిలోల మనిషికి రోజంతా ఖర్చయ్యేదే రెండువేల పైచిలుకు. నెలంతా నోట్లో మెతుకు పెట్టకపోయినా ఆ లోటు రాదు. మరి మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గామన్నవాళ్లు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. కాలేయంలో, కండరాల్లో దాదాపు అరకిలో గ్లైకోజన్, అంటే ఒళ్లు దాచుకున్న చక్కెర, నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. తిండి తగ్గగానే ముందు పోయేది ఇదే, కొవ్వు కాదు. రెండు రోజులు మామూలుగా తిన్నారంటే ఆ నీళ్లు తిరిగొస్తాయి, ముల్లు వెనక్కి తిరుగుతుంది, "నా ఒళ్లే అంత" అని మనిషి ఆశ వదిలేసుకుంటారు.

ఇక తొమ్మిదో పాయింటు. మిగతా ఎనిమిదింటితో చాలావరకు పోయేది డబ్బో, టైమో. దీంతో పోయేది మనిషి.

ఈ మెసేజ్ చూసి మొదలుపెట్టే షుగర్ పేషెంట్లు రెండు రకాలు. కొందరు నమ్మి మాత్రలు ఆపేస్తారు. కొందరు భయపడి, మాత్రలు వేసుకుంటూనే పళ్లతో సూపులతో వారం గడుపుతారు. జాగ్రత్తగా ఉన్నామనుకునే ఈ రెండో రకం వాళ్లకే ముప్పు ముందు వస్తుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, పాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ తీయిస్తూనే ఉంటాయి. రాత్రి ఏడు తర్వాత తినొద్దన్నారు కదా అని ఖాళీ కడుపుతో పడుకున్న 65 ఏళ్ల మనిషికి తెల్లవారుజామున షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు, వణుకు, దడ, పొంతన లేని మాటలు. బీపీకి, గుండెకు అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు. వాళ్ల విషయంలో చెమటలే ముఖ్యమైన గుర్తు. మీటరులో 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నారు కదా అని వదిలేస్తే పొరపాటు. ఈ మాత్రల ప్రభావం ఒక రోజు దాకా ఉంటుంది, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. షుగర్ మళ్లీ పడిపోతుంది కాబట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

"మా నాన్నగారు వాడేది ఒక్క మెట్‌ఫార్మినే" అంటారు చాలామంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ అలా పడిపోవడం అరుదే. కానీ స్ట్రిప్పు తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. మన దగ్గర చాలామందికి రాసేది ఒకే మాత్రలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిపినది.

ఇంకో రకం షుగర్ మాత్రలున్నాయి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. పేటెంట్లు అయిపోయి ధర దిగాక వీటి వాడకం బాగా పెరిగింది. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. వీటిని వేసుకుంటూ తిండి బాగా తగ్గిస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. మామూలుగా ఈ కీటోఅసిడోసిస్‌లో షుగర్ 300, 400 ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. ఈ మాత్రల మీద ఉన్నవాళ్లకు 180 ఉండగానే రావచ్చు. మీటరు చూసి "షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగించి పడుకోబెడతారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే మీటరు ఏం చూపించినా ఎమర్జెన్సీకి వెళ్లాలి, వాడుతున్న మాత్ర పేరు అక్కడి డాక్టరుకు చెప్పాలి.

ఇక నమ్మి ఆపేసినవాళ్లు. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 షుగర్ పిల్లలకు దాన్ని ఆపితే రోజు, రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. గుండెకు వాడే మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఛాతీనొప్పి, గుండెపోటు రావచ్చు. బీపీ మాత్ర ఆపితే చాలామందికి ఏమీ తెలియదు, హాయిగానే ఉంటుంది, అందుకే మెసేజ్ నిజమనిపిస్తుంది. పక్షవాతం వచ్చే ముందు బీపీ ఎవరికీ కబురు పెట్టదు. ఇవన్నీ ఒక్క లైన్లో "ఆపేయండి" అని రాసిన మనిషికి మీ అమ్మగారు ఏ మాత్ర వేసుకుంటున్నారో తెలుసా? ఫార్వర్డ్ చేసిన మీకు తెలుసా?

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బరువు తగ్గితే టైప్ 2 షుగర్ వెనక్కి మళ్లుతుందన్నది నిజం. మొదటి రోజే మాత్రలు ఆపిన పెద్ద అధ్యయనం కూడా ఉంది. దాని పేరు డైరెక్ట్, స్కాట్లాండ్‌లో, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లో చేశారు, 2017 చివర్లో ఫలితాలు వచ్చాయి. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825 నుంచి 853 క్యాలరీలు మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అది 86 శాతం. "షుగర్ వస్తే ఇక జీవితాంతం అంతే" అని చెప్పేవాళ్లకంటే ఈ ఒక్క విషయంలో ఆ మెసేజే నిజానికి దగ్గరగా ఉంది. కానీ అక్కడ ఇన్సులిన్ వాడేవాళ్లను తీసుకోలేదు, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటినవాళ్లను తీసుకోలేదు. ఆ 825 క్యాలరీలు ప్రొటీన్, విటమిన్లు కొలిచి కలిపిన పొడులు, పండ్లరసాలు కావు. శిక్షణ పొందిన నర్సులు, డైటీషియన్లు వెంట ఉండి చూశారు, షుగర్, బీపీ పెరిగినవాళ్లకు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. అంత కాపలాలోనూ 15 కిలోలు తగ్గింది నలుగురిలో ఒకరే, అది కూడా ఏడాదికి.

కాబట్టి డైట్ మొదలుపెట్టాక కాదు, మొదలుపెట్టడానికి వారం ముందే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అన్నం ఎంత తగ్గిస్తున్నారో గ్రాముల్లో చెప్పి, ఏ మాత్ర తగ్గించాలి, ఏది ఆపాలి, మీటరులో ఎంత వస్తే ఫోన్ చేయాలి అని అడిగి రాయించుకోండి. మొదటి రెండు వారాలు పరగడుపున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి షుగర్ చూసుకోవాలి. బీపీ ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడాలి. బరువు తగ్గేకొద్దీ పాత డోసు ఎక్కువై, లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి.

నిమ్మరసం, తేనె కొవ్వును కరిగించవు. చెంచాడు తేనెలో ఉండేది చక్కెరే, పెద్ద చెంచా అయితే 60 క్యాలరీలు. బెల్టు కట్టి పట్టించిన చెమట రెండు గ్లాసుల నీళ్లు తాగితే తిరిగొస్తుంది. సిటప్స్‌తో పొట్ట కండరాలు గట్టిపడతాయి, పైనున్న కొవ్వు మాత్రం ఒళ్లంతా తగ్గేటప్పుడే తగ్గుతుంది. నాలుగు లీటర్ల నీళ్లంటారా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు డాక్టరు నీళ్లకే కొలత పెట్టి ఉంటారు, వాళ్లకు ఇది పంపకండి.

పళ్ల వారం అంత తేలిగ్గా వదిలేసేది కాదు. అందులో ప్రొటీన్ దాదాపు లేనట్టే, కాబట్టి కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గుతూ పోతే పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. అప్పటికి డైట్ సంగతి మరిచిపోయి షాంపూ మారుస్తారు. మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రొటీన్ కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గే రోజుల్లో, కిడ్నీ జబ్బు లేకపోతే, ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలి. 70 కిలోల మనిషికి అది మన వంటతోనే వస్తుంది. 50 గ్రాముల పెసలతో పెసరట్లు, రెండు గుడ్లు, 40 గ్రాముల కందిపప్పుతో పప్పు, పెద్ద కప్పు పెరుగు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, రాత్రికి 100 గ్రాముల చికెన్. అన్నంలోంచి వచ్చేదీ కలిపితే 80 గ్రాములకు అటూ ఇటూ. మాంసం తిననివాళ్లు చికెన్ బదులు 40 గ్రాముల మీల్‌మేకర్ వేసుకోవచ్చు.

అన్నం, చపాతీ గొడవ మన ఇళ్లలో తెగదు. 120 గ్రాముల బియ్యానికీ, అంతే బరువు గోధుమపిండికీ క్యాలరీల్లో తేడా పదో వంతు, గోధుమపిండికే తక్కువ. నాలుగు చపాతీలకు తలా ఒక చెంచా నూనె రాస్తే 180 క్యాలరీలు కలిసి, ఆ తేడా పోయి పైన పడుతుంది. చపాతీతో ఉన్న అసలు లాభం, అది లెక్కకు వస్తుంది. అన్నం "ఇంకొంచెం" అంటూ గరిటెతో వస్తుంది, పప్పుకొకసారి, పులుసుకొకసారి, పెరుగుకొకసారి. కాబట్టి అన్నం వదలక్కర్లేదు. బియ్యం 75 గ్రాములు తూచి, మనిషికి విడిగా వండిపెట్టుకుంటే రెండు వందల గ్రాముల పైచిలుకు అన్నం అవుతుంది, సుమారు 260 క్యాలరీలు. ముందు సగం కంచం కూర వడ్డించుకుని, అన్నం ఆ తర్వాత పెట్టుకోండి.

ఆ మెసేజ్‌లో ఒక్క పాయింటులోనూ లేనిది నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల క్యాన్ అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 క్యాలరీలు. 3 లీటర్లకు దించితే రోజుకు 135 క్యాలరీల పైనే తగ్గుతాయి, ఒక్క ముద్ద అన్నం మానకుండా. నెల మొదట్లో 3 లీటర్లు విడిగా డబ్బాలో పోసి, పోపుకైనా వేపుడుకైనా అందులోంచే చెంచాతో కొలిచి వాడాలి. క్యాన్ వంచి బాండీలో పోసే అలవాటుంటే ఏ డైటూ నిలవదు. ఇది వంట చేసే ఒక్కరి మీద వేసే పని కాదు, ఇంట్లో అందరూ వేపుడు బదులు ఇగురు తినడానికి ఒప్పుకోవాలి.

రాత్రి ఏడు గంటల నియమం పనిచేస్తుంది, కాకపోతే గడియారం వల్ల కాదు, టీవీ ముందు తినే మిక్చరు, బిస్కెట్లు ఆగిపోవడం వల్ల. తొమ్మిదికి డ్యూటీ దిగేవాళ్లు తొమ్మిదిన్నరకు కొలత ప్రకారం తింటే నష్టమేమీ లేదు.

నడక మంచిదే. కానీ 70 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున గంట నడిస్తే ఖర్చయ్యేది 245 క్యాలరీలు. తిరిగొస్తూ ఒక సమోసా తింటే సరికి సరి. ఆడవాళ్లు బరువులు ఎత్తకూడదన్న మాట మాత్రం తప్పే. కండ, ఎముక ముందు పలచబడేది వాళ్లకే, నెలసరి ఆగాక ఇంకా వేగంగా. వారానికి రెండు రోజులు, మధ్యలో విరామంతో చేయాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకు చేతులు ఆనించి పుషప్స్ 10, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్‌ను ముందుకు వంగి నడుము దాకా లాగడం ఒక్కో చేత్తో 10. ఇలా మూడు విడతలు, విడతకూ విడతకూ నిమిషం ఆగుతూ. కుర్చీలో ధబీమని కూలబడితే సగం పని వృథా, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. మోకాలు నొప్పిగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. 15 సార్లు తేలిగ్గా వస్తున్నప్పుడు క్యాన్ పట్టుకుని లేవాలి.

ఇవన్నీ కలిపి రోజుకు 500 క్యాలరీల లోటు తెస్తే నెలకు రెండు కిలోలు. తూకం పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూడండి, ఏడు రోజుల సగటు రాసుకోండి. ముందురోజు ఆవకాయ ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా కిలో పెరిగినట్టు చూపిస్తుంది, అది నీళ్లే. నడుము చుట్టుకొలత బొడ్డు దగ్గర టేపుతో నెలకోసారి చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నాలుగు వారాల సగటులు కదలకపోతే ముందు నూనె డబ్బా, తర్వాత బియ్యం తూకం మళ్లీ సరిచూసుకోండి. తేడా ఎక్కువగా దొరికేది అక్కడే.