మా ఇంటి మేళం

కొండ మీద స్వామివారికి తెల్లవారుజామున మూడింటికి సుప్రభాతం. కొండ కింద తిరుపతి బైరాగిపట్టెడలో మాకు రెండూ నలభైకే. పాడేది పిల్లి.

కార్తీక మాసంలో, వాన వదలకుండా పట్టుకున్న ఓ సాయంత్రం, మా అమ్మాయి ట్యూషన్ నుంచి వస్తూ దాన్ని స్కూల్ బ్యాగులో పెట్టుకుని తెచ్చింది. లెక్కల పుస్తకానికీ టిఫిన్ బాక్సుకీ మధ్య తడిసిన గుడ్డపీలికలా ఉంది. అప్పట్లో అది నోరైతే తెరిచేది గానీ శబ్దం వచ్చేది కాదు. "అయ్యో, దీనికి గొంతే లేదండీ" అని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వేళ ఇంటి మీదుగా పోతున్న తథాస్తు దేవతలెవరో ఆ మాటను తలకిందులుగా విన్నట్టున్నారు. వారం తిరిగేసరికి గొంతొచ్చింది. ఇక పోలేదు.

అమ్మాయి దానికి చిన్ని అని పేరు పెట్టింది. కింద పోర్షన్లో ఉండే ఇంటి ఓనరు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మాత్రం మేళం అనే అంటారు. పొద్దున నేను పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగితే చాలు, "ఏమబ్బా, మీ ఇంటి మేళం రాత్రి ముందే ఎత్తుకునిందే!" అని పలకరింపు. అద్దెకున్నవాడు ఇలాంటి పలకరింపులకు నవ్వాలి. నేను నవ్వేవాణ్ని.

గిన్నె ఖాళీగా ఉంటే అరుస్తుంది, అది న్యాయం. గిన్నె నిండా పెట్టినా అరుస్తుంది, అది తింటుంటే ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడాలట. కత్తెర పాల ప్యాకెట్ మూలను తాకీ తాకకముందే, ఏ గదిలో ఉన్నా వచ్చి కాళ్ల మధ్య దూరి అరుస్తుంది. పాలు పోయకపోతే అరుపు. పోస్తే ఓ గంటకు కడుపు గడబిడై, డబ్బాలో ఇసుక మార్చమని ఇంకో అరుపు. (పెరిగే కొద్దీ చాలా పిల్లులకు పాలు అరగవట. మనమేమో పిల్లి అంటే పాలు అని ఒకటో తరగతిలోనే నేర్చుకుని కూర్చున్నాం.) ఆ ఇసుక కోసం నేను రాత్రిపూట, ఇల్లు కడుతున్న పక్కవాళ్ల కుప్ప దగ్గరికి చెంబు పట్టుకుని పోయేవాణ్ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో పైసా ముట్టనివాణ్ని, చివరికి ఇసుక దొంగనయ్యాను.

బాత్‌రూం తలుపు వేసుకుంటే మరీ కష్టం. కింద సందులోంచి ముందు ఒక చెయ్యి వస్తుంది. గోళ్లు విప్పి, ముడిచి, నేల తడుముతుంది. ఆ తర్వాత మొదలవుతుంది, ఎవరో పోయినట్టు. ఎవరూ పోలేదే, నేను లోపలే ఉన్నానే అని లోపల్నుంచి సమాధానం చెప్పుకోవాలి. చెబితే ఇంకా గట్టిగా అడుగుతుంది.

రాత్రి పాటకు మాత్రం కారణం మేమే. మొదటిరోజు రెండూ నలభైకి అరిస్తే, ఓనరు లేస్తారన్న భయంతో మా ఆవిడ పరుగున వెళ్లి గుప్పెడు మేత పెట్టింది. మొదటిరోజు అది లంచం. రెండోరోజు మామూలు. మూడోరోజుకు హక్కు. నాలుగోరోజు అయిదు నిమిషాలు ఆలస్యమైతే వచ్చి నా ఛాతీ మీదెక్కి, ముక్కుకు ముక్కు ఆనించి సంజాయిషీ అడిగింది.

టీకా వేయించడానికి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ ముందు మా గోడు వెళ్లబోసుకున్నాం. 1955 నుంచి పశువుల డాక్టర్లను తయారుచేస్తున్న ఊరు మాది, ఒక పిల్లి నోరు మూయించలేమా అని నా ధీమా. ఆమె నవ్వి, పెద్దయిన పిల్లులు వాటిలో అవి మ్యావ్ అనుకోవడం బహు తక్కువండీ అంది. పిల్లగా ఉన్నప్పుడు తల్లిని పిలవడానికి, ఆ తర్వాత మనుషుల్ని పిలవడానికి. అంటే అది తన భాష మాట్లాడటం లేదు, మనకోసం నేర్చుకున్న భాష మాట్లాడుతోంది. మనం పలికే కొద్దీ ఇంకా నేర్చుకుంటుంది. పడుకునే ముందు దాన్ని తాడు ముక్కతో బాగా పరిగెత్తించి, ఆడించి, ఆఖర్న కడుపునిండా పెట్టండి. రాత్రి అరిస్తే మాత్రం లేవొద్దు, తిట్టొద్దు, కళ్లు కూడా తెరవొద్దు. మొదట్లో అరుపు పెరుగుతుంది, తట్టుకోండి. అయిదోరోజు మెత్తబడ్డారా, అయిదురోజులు అరిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటుంది.

తపస్సు మొదలైంది. ముగ్గురం చెవుల్లో దూది పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని, శవాల్లా పడుకున్నాం. మొదటి రాత్రి ముప్పావుగంట. రెండో రాత్రి గంటంపావు. మూడో రాత్రి వంటింట్లో స్టీలు గ్లాసు కింద పడేసి చూసింది. దొర్లుకుంటూ పోయిన గ్లాసు ఎక్కడ ఆగిందో చీకట్లోనే చెప్పగలను, అంత శ్రద్ధగా విన్నాను. లేవలేదు. నాలుగో రాత్రి పావుగంటే. అయిదో రాత్రి ఒకే ఒక్క మ్యావ్, అదీ నీరసంగా. దుప్పట్లోంచే మా ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కాను. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి సాధించిన విజయం అదొక్కటే.

ఆరోరోజు పలమనేరు నుంచి మా ఆవిడ మేనమామా, అత్తా దిగారు.

తిరుపతిలో ఇల్లుండటమంటే సగం సత్రం నడపడమే. ఆయనకు ఆన్‌లైన్లో మూడొందల టికెట్ దొరికింది, పొద్దున్నే దర్శనం. రాత్రి రెండున్నరకే లేచి స్నానానికి నీళ్లు పెట్టుకున్నారు. నాకు దూదిలోంచి ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది. ఎగిరి లేచాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మామయ్య తడి తువ్వాలుతో గొంతుక్కూర్చుని, గిన్నెలో పాలు పోసి, దాని వీపు నిమురుతున్నారు.

"ఏం నిద్రబ్బా మీది! అది అట్ల అరస్తా ఉంటే గమ్మున పడుకోనుండారే? పాపం, నోరులేని జీవం గదా అల్లుడూ!"

నోరులేని జీవం! విశ్వామిత్రుడికి మేనకైనా అందంగా వచ్చింది. మా తపస్సును చెడగొట్టినవాడు తువ్వాలు కట్టుకుని వచ్చాడు.

పాలు తాగిన కృతజ్ఞత దానికి ఊరికే పోతుందా? వాళ్లు పెట్టె పట్టుకుని గడప దాటుతుంటే తోక నిక్కబొడిచి పరుగెత్తుకొచ్చి, మామయ్య ముందునుంచి అడ్డంగా దూసుకుపోయింది. ఆయన కాలు గాల్లోనే ఆగింది. "పిల్లి ఎదురొచ్చిందే!" అని వెనక్కొచ్చి కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, అయిదు నిమిషాలాగి మళ్లీ లేచారు. అదీ లేచింది. ఈసారి అటునుంచి ఇటు. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. దాన్ని ఎత్తి బాత్‌రూంలో పెట్టి గడియ వేశాను. లోపల్నుంచి శోకాలు. "బయల్దేరేటప్పుడు ఏడుపు ఇనబడగూడదమ్మా" అని అత్త కూడా కూలబడింది. చివరికి మామయ్యే శాస్త్రంలో సందు కనిపెట్టారు. అది మనకు ముందు నడిస్తే ఎదురొచ్చినట్టు గాదు, సాగనంపినట్టే గదా అని. తెల్లవారుజామున మూడుంబావుకు నేను లుంగీ మీద పిల్లిని ఎత్తుకుని ముందూ, పెట్టెలతో వాళ్లిద్దరూ వెనకా, ఊరేగింపుగా మెట్లు దిగాం. వరండాలో టార్చిలైటు వెలిగింది. హెడ్మాస్టరు గారు మా ముగ్గురినీ, మేళాన్నీ తీరిగ్గా చూసి, ఏమీ అనకుండా లైటు ఆర్పేశారు. ఆయన తిట్టినా బాగుండేది.

దర్శనం బ్రహ్మాండంగా అయిందట. మా లెక్క మాత్రం మళ్లీ ఒకటో రాత్రికొచ్చింది.

ఎలాగో ఆ తపస్సూ రెండోసారి ఫలించి నిద్ర పట్టే వేళకు శివరాత్రి వచ్చింది. కపిలతీర్థంలో జాగరణ ఒక్క రాత్రే, మా ఇంట్లో వారం. ఈసారి అరుపు వేరు. సాగదీసి, తిప్పి, దింపి, రాగమాలిక. నేల మీద పొర్లుతుంది, వీపు తాకితే తోక పక్కకు పెట్టి నడుము పైకెత్తుతుంది. కడుపునొప్పేమోనని అమ్మాయి ఏడ్చింది. ఓనరు గారి భార్య పైకొచ్చి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసిపోయింది. రెండోరోజుకు పిట్టగోడ మీద మూడు గండుపిల్లులు చేరాయి. ఒకదానికి చెవి సగమే ఉంది, పాట మాత్రం పూర్తిగా ఉంది. మహతి ఆడిటోరియంలో జరగాల్సిన కచేరీ మా వీధికొచ్చింది.

మళ్లీ ఆసుపత్రి. వరసలో మా ముందు ఒక పుంగనూరు ఆవు. నా నడుము దాకా కూడా లేదు, బొమ్మలా నిలబడి నెమరేస్తోంది. బుట్టలోంచి మా చిన్ని రాగం తీస్తుంటే ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్లీ నెమరేసుకుంది. మా ఇంట్లో ఇలాంటిది ఎందుకు పుట్టలేదా అనిపించింది. డాక్టరమ్మ చూసీ చూడగానే, "జబ్బేం లేదండీ, ఎదకొచ్చింది" అంది. అయిదారు నెలలకే వస్తుందట, జత కట్టకపోతే రెండు మూడు వారాలకోసారి ఇదే తంతట. కడితే రెండు నెలల్లో పిల్లలు. గర్భసంచి ఆపరేషన్ చేయించేయండి, ఈ గోల తగ్గుతుంది అని రాసిచ్చింది.

"ఎద అంటే ఏంది నాన్నా?" అంది అమ్మాయి, ఆసుపత్రంతా వినబడేట్టు.

నేను పుంగనూరు ఆవు వైపు తిరిగి దాని కొమ్ములు పరిశీలించాను.

ఆపరేషనైంది. కుట్లు నాక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు తగిలించి పంపారు. మైకు లేకుండానే మోగేదానికి లౌడ్ స్పీకర్ బిగించినట్టయింది. తలుపు సందులో పట్టక గరాటు ఠక్కుమని తగలడం, ఆ వెంటనే గరాటులోంచి అరుపు. పదిరోజులు అలా గడిచాయి. గరాటు తీసేశారు. పిట్టగోడ ఖాళీ అయింది. రాత్రి మేము లేవలేదు, అదీ లేపలేదు. వరసగా పదకొండు రాత్రులు. పొద్దున మెట్ల దగ్గర హెడ్మాస్టరు గారు "ఏమబ్బా" అని ఆగిపోయారు, అనడానికి ఆయనకేమీ మిగల్లేదు.

నిన్న రాత్రి భోంచేస్తుండగా ఫోన్ మోగింది. చేతికి ఎంగిలని మా ఆవిడ స్పీకర్ నొక్కింది.

"అల్లుడూ! వచ్చే నెల మళ్లా టికెట్ దొరికిందబ్బా! ఈసారి నాలుగురోజులు ఉండి పోతాం. ఆ నోరులేని జీవం ఎట్లుంది?"

సోఫా మీద ముడుచుకుని నిద్రపోతున్న చిన్ని చెవులు రెండూ లేచాయి. ఆ తర్వాత ఒక కన్ను.

మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి, బీరువాలోంచి దూది ప్యాకెట్ తీసి టేబుల్ మీద పెట్టింది.