బ్యాకప్ ఉంది, రీస్టోర్ మాట ఎత్తకండి

సి డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను డి డ్రైవ్‌లోకి కాపీ చేసి నిశ్చింతగా నిద్రపోవడం మన ప్రాచీన బ్యాకప్ సంప్రదాయం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ రెండూ ఒకే డిస్కు ముక్కలు. డిస్కు పోయేటప్పుడు ఏ వివక్షా చూపదు, రెంటినీ సమానంగా తీసుకుపోతుంది.

కాస్త ఆధునికులు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ సింక్‌ను నమ్ముకుంటారు. అది మహా విధేయురాలు. ఇక్కడ ఫైలు తుడిస్తే అక్కడా తుడుస్తుంది. డబ్బు గుంజడానికి ఫైళ్లను బిగించే ర్యాన్సమ్‌వేర్ తాళం వేస్తే, తాళం పడ్డ ప్రతినే శ్రద్ధగా పైకి పంపుతుంది. వ్యక్తిగత ఖాతాలో రీసైకిల్ బిన్ 30 రోజులు ఓపిక పడుతుంది కదా అంటారా? ఫైలు పోయిందని మనం గమనించేది 31వ రోజున.

విండోస్‌లోని సిస్టమ్ రీస్టోర్ పేరు మాత్రం ఘనం. డ్రైవర్లను, సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీని వెనక్కి తిప్పుతుంది గానీ పెళ్లి ఫోటోల జోలికి రాదు.

ఇంక్రిమెంటల్ పద్ధతి పొదుపరులది. ఆదివారం ఫుల్ బ్యాకప్, ఆ తర్వాత ముందురోజు నుంచి మారినవి మాత్రమే. శనివారం డిస్కు పోయి, బుధవారం నాటి బ్యాకప్ ఫైలు చెడిందని తేలితే గురు, శుక్రవారాలవి చెక్కుచెదరకున్నా మంగళవారం దగ్గరే ఆగాలి. ఫుల్ బ్యాకప్ నుంచి మారినవన్నీ రోజూ తీసే డిఫరెన్షియల్‌లో ఆదివారంది, శుక్రవారంది ఉంటే చాలు. కాకపోతే అది రోజురోజుకూ లావెక్కుతుంది, మనకేమో డిస్కు కొనాలంటే ప్రాణం మీదికొస్తుంది.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అని నిపుణుల నస ఒకటి. పైగా తీసిన బ్యాకప్‌ను అప్పుడప్పుడూ రీస్టోర్ చేసి చూడాలట! ఇంతకన్నా అవమానం ఉందా? 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. వెతికితే రోజువారీ బ్యాకప్ చేరాల్సిన చోటు ఖాళీ. 9.6 వెర్షన్ డేటాబేస్‌కు పాత 9.2 వెర్షన్ బ్యాకప్ పనిముట్టు వాడుతుంటే అది రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. చివరికి ఆదుకున్నది మరో పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్నదున్నట్టు తీసిన నకలు. చూశారా, పరీక్షించకపోయినా దేవుడున్నాడు.

ఇక డిస్కు మొత్తానికీ తాళం వేసే విండోస్ బిట్‌లాకర్. ఆ తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీని ఎన్‌క్రిప్ట్ అవుతున్న డిస్కులోనే దాస్తానంటే విండోస్ ఒప్పుకోదు. మనవాళ్లు ఊరుకుంటారా? ప్రింట్ నొక్కి, పీడీఎఫ్ ఎంచుకుని, భద్రంగా డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటారు.