అప్‌డేట్ చేసుకోమని చెప్పే హక్కు వెబ్‌పేజీకి లేదు

ఏదో వార్త చదువుతుంటారు. ఉన్నట్టుండి తెర నిండా ఒక పేజీ వచ్చి, మీ బ్రౌజర్ పాతబడిపోయింది, వెంటనే అప్‌డేట్ చేసుకోండి అంటుంది. క్రోమ్ లోగో, రంగులు, అక్షరాలు, చివరికి నీలం బటన్ కూడా అచ్చు అసలు దానిలాగే ఉంటాయి. ఆ బటన్ నొక్కినవాళ్లకు కంప్యూటర్ తెలివి లేదని తీసిపారేయడం మనలో చాలామందికి అలవాటు. అది అన్యాయమని నేను అనుకుంటాను. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలని ఏళ్ల తరబడి నిపుణులే చెప్పారు. ఆ మంచి మాట విన్నవాళ్లే ఇక్కడ దొరికిపోతున్నారు. అలాంటివాళ్లకు ‘జాగ్రత్తగా ఉండండి’ అని మళ్లీ చెబితే ఏం ఉపయోగం? వాళ్లు జాగ్రత్త కోసమే కదా నొక్కింది!

చెప్పాల్సింది ఒక్కటే. అప్‌డేట్ బ్రౌజర్ సొంత పని. మీరు చూస్తున్న సైట్‌కు అందులో ఏ పాత్రా లేదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మామూలుగా కొత్త వెర్షన్‌ను తమంతట తామే దించుకుని, బ్రౌజర్ మూసి తెరిచినప్పుడు మారిపోతాయి. సఫారీ అయితే యాపిల్ ఇచ్చే సిస్టమ్ అప్‌డేట్ల ద్వారా వస్తుంది. ఫోన్లో యాప్ స్టోర్లు ఉన్నాయి. క్రోమ్‌లో అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే ఆ సంగతి కుడివైపు పైన, మూడు చుక్కల మెనూ దగ్గర కనిపిస్తుంది. అడ్రస్ బార్ ఉన్న ఆ వరస బ్రౌజర్‌ది. దాని కింద జాగా మొత్తం సైట్‌ది, అందులో ఎవరైనా ఏ బొమ్మైనా పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. మీరు ఏ బ్రౌజర్ వాడుతున్నారో, సుమారుగా ఏ వెర్షనో సైట్‌కు తెలుస్తుంది. మీ వెర్షన్‌లో మా సైట్ సరిగ్గా పనిచేయదు అని నిజాయితీగా చెప్పే సైట్లూ ఉన్నాయి. అయినా ఆ పేజీలోని బటన్‌తో పని లేదు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లోకి వెళ్లి, ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో కూడా హెల్ప్ కిందే ‘అబౌట్ ఫైర్‌ఫాక్స్’ ఉంటుంది. తెరవగానే బ్రౌజర్ తనే వెతుక్కుని, కొత్తది ఉంటే దించుకుంటుంది. అంతా తాజాగా ఉందని అక్కడ కనబడితే పాపప్ చెప్పింది అబద్ధమే.

మంచి సైట్లకు మాత్రమే వెళ్తే చాలు అనే సలహా కూడా ఇక్కడ చెల్లదు. 2017 అక్టోబరులో బ్యాడ్ ర్యాబిట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్), వెబ్‌లో వీడియోలు, ఆటలు నడిపే ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ వేషంలో వ్యాపించింది. దానికి దారి ఇచ్చినవాటిలో హ్యాక్ అయిన వార్తా సైట్లు ఉన్నాయి. ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. ఆ వేషం పాతబడినా, బ్రౌజర్ అప్‌డేట్ వేషం అప్పటికే తయారుగా ఉంది. ఈ వేషం వేసే దొంగ ప్రోగ్రాముల్లో పరిశోధకులు సాక్‌ఘోలిష్ అని పిలిచేది బాగా పేరు పడింది. అసలైన సైట్లలోకి, ముఖ్యంగా సరిగ్గా చూసుకోని వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్లలోకి చొరబడి జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ఒక చిన్న కోడ్ ముక్క పెడతారు. 2022 నవంబరులో ఒక మీడియా సంస్థ అందించే కోడ్ ద్వారా అమెరికాలో 250కి పైగా వార్తా సైట్లకు ఇది పాకిందని ప్రూఫ్‌పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది.

ఆ కోడ్ అందరికీ కనబడదు కూడా. విండోస్ వాడేవాళ్లా, సెర్చ్ ఇంజిన్ నుంచి వచ్చారా, ఇంతకు ముందు ఒకసారి చూపించామా అని లెక్కలు చూసుకుని కొందరికే పాపప్ చూపిస్తుంది. అందుకే ఫిర్యాదు చేస్తే సైట్ యజమాని తెరిచి చూసి, నాకు బాగానే కనబడుతోంది అంటాడు. ఆ జవాబును నేను ఒప్పుకోలేను. తనకు కనబడలేదు కాబట్టి లేదనుకుని ఊరుకుంటే, పాఠకులను ఆపదలో వదిలేసినట్టే.

దించిన ఫైల్ చాలాసార్లు జిప్ రూపంలో ఉంటుంది, లోపల జావాస్క్రిప్ట్ ఫైల్. విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే అది ప్రోగ్రామ్‌లా నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే ఏపీకే, అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్ ఇస్తారు. 2024 నుంచి ఇంకో ఎత్తు బాగా పెరిగింది. పేజీ ఒక ఆదేశాన్ని మనకు తెలియకుండా కాపీ చేసి పెడుతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, దాన్ని కంట్రోల్ వి తో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటారు. అంటే వైరస్‌ను మన చేత్తోనే నడిపిస్తారు. నిజమైన ఏ బ్రౌజర్ అప్‌డేటూ ఇలా అడగదు.

ఇక వదిలించుకోవడం. పాపప్ చూసి ఊరుకుంటే ట్యాబ్ మూసేయండి, చాలు. తెర అంతా ఆక్రమించి మూయనివ్వకపోతే ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టండి. అదీ కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్‌తో టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచాక పాత పేజీలను రీస్టోర్ చేయొద్దు. ఫైల్ దిగినా తెరవకపోతే డిలీట్ చేస్తే సరిపోతుంది.

ఏ సైటూ చూడకుండానే తెర మూలన హెచ్చరికలు వస్తుంటే టెన్షన్ పడకండి. ఎప్పుడో ఒక సైట్‌లో ‘అలౌ’ నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, దాని కింద నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేయండి. ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా ఒకసారి చూడండి.

ఫైల్ నడిపేశారంటే విషయం వేరు. ముందు ఇంటర్నెట్ తీసేయండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ఇంకేమీ ముట్టుకోకుండా ఐటీ వాళ్లకు చెప్పండి. ఒక్క మెషిన్‌లోంచి నెట్‌వర్క్ అంతా పాకే రాన్సమ్‌వేర్‌కు ఇదే మొదటి మెట్టు కావచ్చు. సొంతదైతే వేరే పరికరం నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు, మిగతావి మార్చండి. పాస్‌వర్డ్ మార్చి ఆగిపోవద్దు, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఈ దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్ కుకీలను, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లను కూడా ఎత్తుకెళ్తాయి. కుకీ చేతిలో ఉంటే ఓటీపీ అడగకుండానే మీ ఖాతాలోకి వెళ్లగలరు. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. స్కాన్‌లో ఏమీ దొరకలేదన్నా నేనైతే దాన్ని నమ్మి వదిలేయమనను. డాక్యుమెంట్లు, ఫొటోలు వేరే చోట దాచుకుని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

ఇదంతా అయ్యాక ఆ సైట్ వాళ్లకు రాయండి. పేజీ అడ్రస్, సమయం, మీ బ్రౌజర్ పేరు, మీరు సెర్చ్ నుంచి వచ్చారో నేరుగా వచ్చారో, వీలైతే స్క్రీన్‌షాట్ కూడా ఇవ్వండి. కొందరికే కనబడే కోడ్‌ను వెతకాలంటే వాళ్లకు ఆ వివరాలే ఆధారం.