నాబ్ ముట్టుకోవడమే మర్యాద

మూడు వారాల్లో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. అందులో ఒకసారి పంపినవాడు మా బావమరిది. ఫోనుతోపాటు ఉచితంగా వచ్చిన ఇయర్‌ఫోన్లు తప్ప మరొకటి చెవిలో పెట్టుకుని ఎరగడు. ‘హెడ్‌ఫోన్ మీట్‌కు వెళ్తున్నారా? ఈ ఎనిమిది మర్యాదలు పాటించండి’ అని శీర్షిక, కింద చేతులు జోడించిన బొమ్మ, చివర ‘పదిమందికీ పంపండి’ అన్న ఆదేశం. పంపారు. ఆ పదిమందిలో సగం మంది కర్నూలులో మా మీట్‌కు వచ్చేవాళ్లే కావడం నా ఖర్మ.

మాది పెద్ద సంఘమేమీ కాదు. నెలకొక ఆదివారం, కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఒక మిత్రుడి మేడమీది గదిలో ఏడెనిమిది మందిమి చేరుతాం. ఎవరి సరంజామా వారు తెస్తారు, ఒకరిది ఒకరు వింటారు. పాతిక వేల రూపాయల హెడ్‌ఫోన్‌ను విని చూసి కొనాలంటే మాలో చాలామంది హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కాలి. అది తప్పించేది ఈ గదే. అక్కడికి ఈ ఎనిమిది మర్యాదలూ వచ్చి కూర్చున్నాయి.

మొదటిది: కొత్త హెడ్‌ఫోన్‌ను 200 గంటలు వాయించాకే మీట్‌కు తేవాలి, అంతవరకూ అది ‘పక్వానికి’ రాదు. ఇది మామిడికాయలకు చెప్పవలసిన మాట. పెట్టె విప్పిన రోజే తెండి. రెండోది: బంగారు పూత జాక్ ఉన్నవే తేవాలి. పూత ఉంటే తుప్పు పట్టదు, అంతే. దానికోసం గాయకుడు గొంతు సవరించుకోడు.

మూడోది: ఇయర్‌ఫోన్ చేతులు మారేటప్పుడల్లా దానిమీద శానిటైజర్ ‘ధారాళంగా’ చల్లాలి. ఉద్దేశం మంచిదే. ఒకరి గుబిలి మరొకరి చెవిలోకి ఎందుకు? కానీ ధారాళంగా చల్లితే ఆ తడి జాలీలోంచి లోపల శబ్దం పుట్టించే డ్రైవరు మీదికి దిగుతుంది. చెవిలో దూరే నురుగు టిప్పులు పాడవుతాయి. హెడ్‌ఫోన్ల తోలు ప్యాడ్ల మీద చల్లినవాళ్లకు కొన్నాళ్లకు పై పొర పొలుసులుగా రాలి చెవులకు అంటుకుంటుంది. సిలికాన్ టిప్పులైతే ఊడదీసి, స్పిరిట్ దూదితో తుడిచి, ఆరబెట్టండి. అంతకన్నా సులువు, ఎవరి టిప్పులు వారు తెచ్చుకోవడం. అసలు మా ఊరికి రాయవలసిన నియమం వేరే ఉంది: ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో టిప్పులు ముట్టుకోకండి. ఆ కారం చెవిలో పెట్టుకున్నవాణ్ని నేను చూశాను. ఆ పూట అతనికి ఏ పాటా రుచించలేదు.

నాలుగోది: 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్గుకూ మామూలు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గుకూ మధ్య అడాప్టర్ ఉంటే చాలు, ఎటునుంచి ఎటైనా తగిలించవచ్చు. లేదు స్వామీ. 4.4 ప్లగ్గు ఉన్న హెడ్‌ఫోన్‌ను ఆంప్‌లోని, అంటే దానికి శక్తినిచ్చే యాంప్లిఫయర్‌లోని, 3.5 రంధ్రానికి తగిలించడం వరకు క్షేమం. తిరగేస్తే కాదు. బ్యాలెన్స్‌డ్ ఆంప్‌లో ఎడమ, కుడి రెండింటి నెగటివ్ తీగలనూ వేర్వేరు సర్క్యూట్లు నడుపుతాయి. 3.5 ప్లగ్గులో ఆ రెండూ ఒకే చోట కలిసిపోతాయి. రెండు ఎద్దులను ఒకే పలుపుతో కట్టి చెరోవైపు అదిలించినట్లు. రక్షణ సర్క్యూట్ ఉన్న ఆంప్ ఆగిపోయి బతుకుతుంది, లేనిది పోతుంది. మెసేజ్‌లో వేసిన బొమ్మ సరిగ్గా ఈ తిరగేసినదే.

ఇక ఐదోది. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. ‘ఆంప్ యజమాని తన అభిరుచి మేరకు వాల్యూం పెట్టుకుని ఉంటారు. నాబ్ తిప్పడం అమర్యాద. ఉన్నది ఉన్నట్లుగా ఒక పాట పూర్తిగా వినండి.’

ఎంత సంస్కారమో చూడండి. విస్తట్లో వడ్డించినది వదలకుండా తినాలన్నట్లుంది. అయితే ఆంప్ అందరికీ ఒకేలా వడ్డించదు. నా హెడ్‌ఫోన్ నిరోధం 300 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్ కరెంటు శక్తికి అది మోగేది 97 డెసిబెళ్లు. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్ ఒకటి 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 105 అనుకోండి. పైకి తేడా ఎనిమిదే. కానీ నాబ్ నిర్ణయించేది వోల్టులను. ఒక వోల్టుకు నా హెడ్‌ఫోన్ మూడు మిల్లీవాట్ల చిల్లర తీసుకుంటే, ఆ బుల్లిది 62 మింగుతుంది. అదీ ఇదీ కలిసి, నాబ్ కదపకుండానే దాదాపు 21 డెసిబెళ్లు పెరుగుతుంది. నేను 85 దగ్గర హాయిగా విన్న పాట అతని చెవిలో 106 దగ్గర మోగుతుంది. 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ అందులో సగం. ఇది అమెరికాలోని నియోష్ సంస్థ కార్మికుల చెవుల కోసం సిఫారసు చేసిన పరిమితి. ఎనిమిది గంటలను ఏడుసార్లు సగం చేసి చూడండి. నాలుగు నిమిషాలు కూడా మిగలవు. పాట ఐదు నిమిషాలు.

గత నెల నంద్యాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థి వచ్చాడు. అతనికి అదే తొలి మీట్, మెసేజ్ శ్రద్ధగా చదువుకుని మరీ వచ్చాడు. తన ఇయర్‌ఫోన్లు తెచ్చి ఆంప్‌కు గుచ్చాడు. భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. చెయ్యి నాబ్ వైపు వెళ్లింది, మధ్యలో ఆగింది, తిరిగి ఒళ్లోకి వచ్చింది. కళ్లు చెమ్మగిల్లుతున్నా పాట అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ‘చాలా బాగుందన్నా’ అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా. రాత్రి ఫోన్ చేసి, చెవుల్లో ఇంకా కీచురాయి కూస్తోంది, పడుకుంటే పోతుందా అని అడిగాడు. పొద్దుటికి తగ్గిందట. లోపల శబ్దాన్ని పట్టే రోమకణాలు ఎన్ని పోయాయో ఎవరు చెప్పగలరు? అవి మనిషికి మళ్లీ మొలవవు. ప్యాడ్లలాగా కొత్తవి తెప్పించుకోవడానికి కుదరదు. ఎంత మర్యాదస్తుడో చూశారా, మెసేజ్ రాసిన పుణ్యాత్ములారా!

ఆ ఆంప్ నాదే. గెయిన్ (ఆంప్ శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే స్విచ్) పెంచి ఉంచి, నాబ్ సగానికి తిప్పి, అలాగే వదిలేసి బజ్జీల కోసం లేచినవాణ్ని నేనే. కాబట్టి మీకు పెట్టదలచిన తిట్లలో సగం నా వాటా.

లేచేవాడు నాబ్‌ను సున్నాకు తిప్పి లేవాలి. కూర్చునేవాడు అది సున్నాలో ఉందో లేదో చూసుకుని, గెయిన్ తగ్గించి, గుచ్చి, ఆ తర్వాతే చెవికి పెట్టుకుని మెల్లగా పెంచుకోవాలి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అడిగితే నేను నొచ్చుకుంటాను.

ఆరు, ఏడు: గదిలో మాట్లాడకూడదు, ఫొటోలు తీయకూడదు. అది ఆ ఇంటివాళ్ల ఇష్టం.

ఎనిమిదోది చదివినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మండింది: ‘తలకు నూనె రాసుకుని రావద్దు.’ కర్నూలు ఎండలో మాడు చల్లబడేదే ఆ నూనెతో. ఏసీ గదిలో కూర్చుని మాకు నీతులా అంటూ నాలుగు వాక్యాలు ఘాటుగా రాసి పెట్టుకున్నాను. పంపేముందు ఎందుకో నా హెడ్‌ఫోన్ తీసి వెలుతురులో చూశాను. బూడిదరంగు ముఖమల్ ప్యాడ్ల పైభాగాన నెలవంకల్లా రెండు నల్లటి మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన కొబ్బరినూనె వాసన. మీట్‌లో మిగతావాళ్లు దాన్ని పెట్టుకునేది నెలకు పది నిమిషాలు. మిగతా రోజులన్నీ అది నా నెత్తిమీదే ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేశాను.