గొడవ చేసినవారు

మా 1998 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం మొన్న మా బళ్లోనే జరిగింది. ఫ్లెక్సీలు, శాలువాలు, గుత్తివంకాయ కూర అన్నీ సక్రమంగా అమరాయి. మైకు అందుకున్న ప్రతివాడూ "నేనీ స్థితిలో ఉన్నానంటే ఈ బడే కారణం" అన్నాడు. వాళ్లలో కొందరి స్థితి దగ్గరగా తెలిసినవాణ్ని కాబట్టి, బడి మీద అంత అభాండం వేయడం మొదట నాకు నచ్చలేదు. కూర్చుని ఆలోచిస్తే అందులో నిజం లేకపోలేదు.

పాఠాల సంగతి అనడం లేదు. ఆరు సబ్జెక్టులు, పదకొండు పేపర్లు, 600 మార్కులు. పరీక్ష గది దాటాక అవి మా దారి తొక్కలేదు, మేమూ వాటి జోలికి పోలేదు. మిగిలినది పాసు మార్కు. అన్నిటికీ 35, హిందీకి మాత్రం 20. రాజభాషకు ఇరవై చాలని ప్రభుత్వమే తేల్చాక మేము అత్యాశకు పోలేదు. హిందీలో సరిగ్గా 21 తెచ్చుకున్న మిత్రుడు ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. బిల్లు పాసయ్యేంత వరకే తారు పోసే ఆ నిగ్రహం ఎక్కడ అబ్బిందో అతని రోడ్డెక్కిన ప్రతి నడుమూ చెబుతుంది.

అసలు చదువు జరిగింది మాస్టారు గదిలో లేని పది నిమిషాల్లో. ఆయన గడప దాటగానే క్లాస్ లీడర్ సుద్దముక్క అందుకునేవాడు. బోర్డుకు ఎడమవైపు 'గొడవ చేసినవారు' అని రాసి కింద గీత. పేరెక్కినవాడు మళ్లీ నోరు విప్పితే పక్కన ఒక ఇంటూ. "నేనేం చేశాను?" అని అడిగితే ఇంకో ఇంటూ. అప్పీలుకు వెళ్తే శిక్ష పెరుగుతుందని మాకు పదేళ్లకే తెలుసు. ఇంటూ చెరపడానికి ఉప్పుకారం అద్దిన జామకాయ ముక్క, పేరు మొత్తం చెరపడానికి పుల్లయిసు. కుడివైపు 'బుద్ధిగా ఉన్నవారు' అని మరో జాబితా ఉండేది. అందులో ఒకటే పేరు, లీడర్‌ది.

వాడిప్పుడు ఒక కార్యాలయంలో ఫైళ్లు చూస్తున్నాడు. ప్రత్యేక శిక్షణేమీ అవసరం కాలేదట.

ఇంటూలు మూడు దాటితే గోడకుర్చీ. శారీరక దండన కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్పింది, మంచిదే. అది అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అప్పటికి మేము బడి విడిచి 12 ఏళ్లు. లేని కుర్చీలో కూర్చుని, సుఖంగానే ఉన్నట్టు ముఖం పెట్టడం మాకు అప్పటికే ఒంటబట్టింది. నా ఉద్యోగం మొత్తం దాని మీదే నడుస్తోంది. పై అధికారి నా పేరు పిలిస్తే ఈనాటికీ ముందు చెయ్యి చాస్తాను, తర్వాతే విషయం అడుగుతాను.

భోజనాలయ్యాక లెక్కల మాస్టారు ఆశీర్వచనం మొదలుపెట్టారు. మధ్యలో ఫోను మోగితే బయటికి వెళ్లారు. గదంతా గోల. మా లీడర్ లేచి బోర్డు దగ్గరికి నడిచి సుద్దముక్క అందుకున్నాడు. నవ్వుతూనే అందుకున్నాడు, కాదనను. అయినా ఇద్దరు డాక్టర్లు, ఒక తహశీల్దారు, రోడ్ల కాంట్రాక్టరు గప్‌చుప్‌గా సర్దుకుని కూర్చున్నారు. వాడు ఎడమవైపు శీర్షిక రాసి కింద గీత గీశాడు.

నేను జేబు తడుముకున్నాను. భోజనాల దగ్గర తీసుకున్న కిళ్లీ ఇంకా ఉంది.